బయాలజీ చదివేవాళ్ళకి కెమిస్ట్రీ ఎంతవరకు కావాలి? గజపతి, రాయగడ, గంజాం వైపు వాళ్ళు చెప్పండి

పర్లాకిమిడి_జువాలజీ:
ఈ ఏడాదే బీఎస్సీ జువాలజీలో చేరాను. ప్లస్ టూలో కెమిస్ట్రీ ఎలాగో గట్టెక్కింది. ఇప్పుడు బయోకెమిస్ట్రీ మొదటి యూనిట్ నుంచే మోలారిటీ (లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌లు), పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె), బఫర్ (పీహెచ్‌ని పెద్దగా మారనివ్వని ద్రావణం). ఏది ముందు పట్టుకోవాలి? లెక్కలు ఎంతవరకు రావాలి? పాతపట్నం వెళ్ళి ట్యూషన్ చెప్పించుకోవాలా, ఇంట్లో చదువుకుంటే వస్తుందా? ఇంకోటి. కణానికి శక్తినిచ్చే అణువు ఏటీపీలో చివరి ఫాస్ఫేట్ బంధం తెగితే శక్తి వస్తుందని బయాలజీ క్లాసులో చెప్పారు. ఏ బంధం తెంచాలన్నా శక్తి పెట్టాలని కెమిస్ట్రీ క్లాసులో చెప్పారు. బుర్ర తిరిగిపోతోంది.

గుణుపురం_బాటనీ:
మోల్, అంటే అణుభారం ఎంతో అన్ని గ్రాములు. ముందు అదే, మిగతావన్నీ తర్వాత. ప్లాస్మాలిసిస్ (మొక్క కణం నీరు పోయి లోపల ముడుచుకోవడం) ప్రాక్టికల్‌కి చక్కెర ద్రావణం కలపమంటారు కదా. సుక్రోజ్ అణుభారం 342, అర మోలార్ ద్రావణం 100 మిల్లీలీటర్లు కావాలంటే 17.1 గ్రాములు. ఇంతవరకు అందరూ బాగానే చేస్తారు. ఆ తర్వాత 100 మిల్లీలీటర్ల నీళ్ళు కొలిచి పోసేస్తారు, అక్కడే చెడుతుంది. చక్కెర కూడా చోటు తీసుకుంటుంది, మొత్తం 110 దాకా పోతుంది. కొంచెం నీళ్ళలో కరిగించి, ఆపైన ఫ్లాస్క్ మెడ మీది గీత దాకా నీళ్ళు పోయాలి. రియో అనే మొక్క ఆకు అడుగు పొర ఒలిచి ఆ ద్రావణం చుక్క వేసి చూడండి, కణం గోడను వదిలి ఊదా రంగు లోపలికి ముడుచుకుంటుంది. ఆ స్లైడ్ చూశాక మోలారిటీ మర్చిపోరు.

రాయగడ_ల్యాబ్:
నేను ఏళ్ళుగా రక్త పరీక్షల ల్యాబ్‌లో ఉన్నాను. రిపోర్టు మీద సందేహం వస్తే మా వైపు డాక్టర్లు నాకే ఫోన్ చేస్తారు. పీహెచ్ ముందు చదవండి. రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45. దాన్ని అక్కడ నిలబెట్టేది ముఖ్యంగా బైకార్బొనేట్ బఫర్. బైకార్బొనేట్ 24, కరిగిన కార్బన్ డయాక్సైడ్ 1.2, రెండూ మిల్లీమోలార్‌లో. నిష్పత్తి 20. ఇరవైకి లాగ్ (సంవర్గమానం) 1.3, దానికి ఈ బఫర్‌లోని ఆమ్లం బలం చెప్పే అంకె పీకేఏ 6.1 కలపండి, 7.4 వచ్చిందా? బఫర్ లెక్కంటే ఇంతే. ఏటీపీ సంగతికి ఇంత టెన్షన్ ఎందుకు, బంధం తెగుతుంది, శక్తి వస్తుంది, అలాగే రాసేయండి.

బరంపురం_ఎమ్మెస్సీ:
అలా రాయకండి. దయచేసి రాయకండి. ప్లస్ టూలో ఈ ఒక్క వాక్యం బట్టీ పట్టిన పిల్లలు డిగ్రీలో థర్మోడైనమిక్స్ దగ్గర చతికిలబడుతున్నారు. ఏ బంధమైనా తెగడానికి శక్తి కావాల్సిందే, ఏటీపీకి మినహాయింపు లేదు. అక్కడ జరిగేది జలవిశ్లేషణ. పాత బంధాలు తెగుతాయి, నీటితో కొత్తవి ఏర్పడతాయి. ఏటీపీలో పక్కపక్కనే ఉన్న రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి, విడిపోయాక ఆ ఒత్తిడి తగ్గుతుంది. విడిపోయిన ఫాస్ఫేట్ రెసొనెన్స్ (ఎలక్ట్రాన్లు ఒకేచోట ఉండక పరుచుకోవడం) వల్ల మరింత స్థిరపడుతుంది, నీరు కూడా దాన్ని బాగా చుట్టుకుంటుంది. పెట్టినదానికంటే వచ్చింది ఎక్కువ. ప్రామాణిక పరిస్థితుల్లో ఆ తేడా మోల్‌కి సుమారు 30.5 కిలోజౌళ్ళు.

రాయగడ_ల్యాబ్:
జీవరసాయన శాస్త్రవేత్త లిప్‌మన్ 1941లోనే ‘శక్తి నిండిన ఫాస్ఫేట్ బంధం’ అన్నాడు. తర్వాత నోబెల్ వచ్చిన మనిషి. ఆయనకి తెలియదంటారా?

బరంపురం_ఎమ్మెస్సీ:
ఆయన మాట్లాడింది జలవిశ్లేషణలో వచ్చే శక్తి గురించి, బంధం తెంచే శక్తి గురించి కాదు. కెమిస్ట్రీలో బంధ శక్తి అంటే తెంచడానికి పెట్టాల్సింది. రెండూ కలిపేసి పిల్లలకి చెప్పడం అన్యాయం.

రాయగడ_ల్యాబ్:
అన్యాయం లాంటి పెద్ద మాటలెందుకండీ? పుస్తకం మీరొక్కరే చదివారా?

జయపురం_అమ్మ:
మీ ఇద్దరి గొడవ మధ్య నా బాధ వినండి. మా వాడు నీట్‌కి చదువుతున్నాడు. బయాలజీ ఉంటే చాలని కెమిస్ట్రీ ముట్టుకోడు. 720 మార్కుల్లో కెమిస్ట్రీకి 180 ఉన్నాయి, ఎవరు చెప్పినా వినడు. కోచింగ్‌కి విశాఖ పంపితే అక్కడ ఇంగ్లీషులో గబగబా చెప్పుకుపోతున్నారట. వీడు చదివింది ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు. క్లాసులో చేయెత్తి అడగడానికి జంకుతున్నాడు. ఇలాంటి పిల్లల్ని ఎవరు పట్టించుకుంటారు?

గుణుపురం_బాటనీ:
అమ్మా, ఒడియా మీడియం అడ్డం కాదు. రోజూ రెండు లెక్కలు చేతితో రాయించండి. చదివి వదిలేస్తే కెమిస్ట్రీ రాదు.

కాశీనగర్_రైతు:
పీహెచ్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా పొలం మట్టి కార్డులో 5.5 వచ్చింది, సున్నం వేయమన్నారు. పక్క పొలం 6.5. ఒక్క అంకె తేడాకి అంత ఖర్చు పెట్టాలా?

బరంపురం_ఎమ్మెస్సీ:
ఒక్క అంకె కాదు బాబాయ్, పది రెట్లు. మీ మట్టిలో హైడ్రోజన్ అయాన్ల గాఢత పక్క పొలానికి పదింతలు. 4.5 అయితే వందింతలు అయ్యేది. సోరెన్‌సెన్ 1909లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఈ కొలమానం పెట్టింది అందుకే, అంత చిన్న సంఖ్యలు ప్రతిసారీ రాయలేక. జువాలజీ అమ్మాయి కూడా ఇది గమనించాలి. లాగ్ రాకుండా పీహెచ్ రాదు.

కాశీనగర్_రైతు:
అయితే సున్నం వేయాల్సిందే. నిమ్మరసం తాగితే రక్తం క్షారం అవుతుందని ఫోన్‌లో వీడియోలు వస్తున్నాయి, అదీ నిజమేనా?

రాయగడ_ల్యాబ్:
అబద్ధం. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు రక్తం పీహెచ్‌ని అంత తేలిగ్గా కదలనివ్వవు. మారితే మూత్రం పీహెచ్ మారుతుంది. ఈ విషయంలో బరంపురం వాళ్ళు కూడా కాదనరు.

బరంపురం_ఎమ్మెస్సీ:
కాదనను.

పర్లాకిమిడి_జువాలజీ:
అందరికీ థాంక్స్. సెలైన్ లెక్క ఒకటి చేశాను, సరిచూడండి. 0.9 శాతం అంటే లీటరుకి 9 గ్రాముల ఉప్పు. సోడియం క్లోరైడ్ 58.44. భాగిస్తే 0.154 మోలార్.

రాయగడ_ల్యాబ్:
సరిగ్గా వచ్చింది తల్లీ. ఇంకో మెట్టు ఉంది. నీళ్ళలో సోడియం, క్లోరైడ్ విడిపోతాయి కాబట్టి కణాలు రెట్టింపు, లీటరుకి 308 మిల్లీఆస్మోల్స్ (కరిగిన కణాలన్నీ కలిపిన లెక్క). సెలైన్ బాటిల్ లేబుల్ మీద కూడా అదే అంకె ఉంటుంది, చూడు.

బరంపురం_ఎమ్మెస్సీ:
లేబుల్ మీద ఉండేది లెక్కకట్టిన అంకె. అయాన్లు ఒకదాన్నొకటి లాక్కుంటాయి కాబట్టి నిజంగా కొలిస్తే 286 దగ్గర వస్తుంది, రక్తంతో దాదాపు సమానం. పరీక్షలో 308 రాయండి, ఎందుకు తగ్గుతుందో మాత్రం తెలుసుకోండి.

రాయగడ_ల్యాబ్:
అది నాకూ తెలుసు. మొదటి ఏడాది పిల్లకి ఇప్పుడే ఎందుకని చెప్పలేదు.

గుణుపురం_బాటనీ:
ట్యూషన్ సంగతి ఎవరూ చెప్పలేదు. పాతపట్నం వెళ్ళే టైమ్‌ని మీ కాలేజీ ల్యాబ్‌లో గడపండి. సాయంత్రం ల్యాబ్ తెరిచి ఉంచమని మీ మేడమ్‌ని అడగండి, తరాజు మీద గ్లూకోజ్ తూచి 0.1 మోలార్ ద్రావణం మీ చేత్తో కలపండి. లీటరుకి 18 గ్రాములు.