డీఎస్పీ చిప్‌తో స్పీచ్ కంప్రెషన్: 3 నిమిషాలకోసారి టక్ శబ్దం ఎలా పోగొట్టాలి?

రెండు బోర్డుల మధ్య ఇటూ అటూ ఒకేసారి మాట్లాడుకునే ఇంటర్‌కామ్ చేస్తున్నాను. జి.729 (మాటను కుదించే ఒక ప్రమాణం) కంప్రెషన్‌కి ఒక్కో బోర్డులో ఒక డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్) చిప్ ఉంది. శాంప్లింగ్ 8 కిలోహెర్ట్జ్, ఫ్రేమ్ (ఒకసారి కుదించే మాట ముక్క) 10 మిల్లీసెకన్లు. అంటే 80 శాంపిళ్లు 10 బైట్లుగా మారి సీరియల్ లైన్ మీద వెళ్తాయి. మాట స్పష్టంగానే ఉంది. కానీ సుమారు 3 నిమిషాలకోసారి టక్‌మని, ఒక అక్షరం మింగేసినట్టు వినిపిస్తోంది.

చిప్‌కి టైమ్ చాలట్లేదేమో అని ఆసిల్లోస్కోప్‌లో చూశాను. ఎన్‌కోడ్, డీకోడ్ కలిపి 7 మిల్లీసెకన్లు దాటడం లేదు. ఫ్రేములకు నంబర్లు వేసి చూస్తే లైన్‌లో ఏదీ పోవట్లేదు. ఒక బోర్డులో మాత్రం బఫర్ (వచ్చిన ఫ్రేములు వేచి ఉండే మెమరీ) మెల్లగా నిండుతోంది, రెండోదానిలో ఖాళీ అవుతోంది. బఫర్‌ను 2 ఫ్రేముల నుంచి 4కి పెంచితే మొదటి టక్ ఆలస్యమైంది, తర్వాత మళ్లీ అదే వ్యవధి. రెండు బోర్డులకూ ఒకే క్రిస్టల్ నుంచి క్లాక్ ఇస్తే పూర్తిగా పోయింది! లెక్క వేస్తే రెండు బోర్డుల క్లాక్‌ల వేగంలో తేడా 55 పీపీఎం (పది లక్షలకు 55) వస్తోంది. అసలు వాడకంలో బోర్డులు దూరంగా ఉంటాయి కాబట్టి కామన్ క్లాక్ కుదరదు.

డీకోడర్‌కి గత ఫ్రేముల జ్ఞాపకం కావాలి, అందుకే కంప్రెస్ అయిన ఫ్రేమును వదిలేయడం నాకు ఇష్టం లేదు. డీకోడ్ అయ్యాక రీశాంప్లింగ్ (శాంపిళ్ల వేగాన్ని కొద్దిగా సర్దడం) పెట్టాలా, లేక మాటల మధ్య మౌనంలో కొన్ని శాంపిళ్లు తీయడం, కలపడం సరిపోతుందా?