రిజల్యూషన్‌ని ‘కన్ను’ అందామా?

అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి రాస్తున్నాను. ఇంటర్ పిల్లల కోసం ఉపగ్రహాల మీద ఒక పాఠం తెలుగులో తయారుచేస్తున్నాను. ‘సెన్సర్’ని సెన్సర్ అనే ఉంచేశాను, అది పిల్లల నోట్లో నలిగిన మాటే. ‘రిజల్యూషన్’ దగ్గర, అంటే బొమ్మలో ఎంత చిన్న వస్తువు వరకు విడిగా కనిపిస్తుందో చెప్పే కొలత దగ్గర, ఆగిపోయాను. ‘పృథక్కరణ సామర్థ్యం’ అంటే పిల్లలకు నోరు తిరగదు. ‘స్పష్టత’ అంటే అర్థం తప్పుతుంది. బొమ్మ ఎంత స్పష్టంగా ఉన్నా అందులో చిన్న వస్తువు విడిగా కనిపించకపోవచ్చు కదా.

మొన్న మా అమ్మ కారం జల్లిస్తూ “ఈ జల్లెడ కన్ను పెద్దది, గింజలు కూడా దిగిపోతున్నాయి” అంది. నాకు కావలసిన మాట ఇదే అనిపించింది.

2011లో శ్రీహరికోట నుంచి వెళ్లిన రిసోర్స్‌శాట్-2 ఉపగ్రహంలో ఏవిఫ్స్, లిస్-3, లిస్-4 అని మూడు కెమెరాలున్నాయి. ఏవిఫ్స్ తీసిన బొమ్మలో ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద 56 మీటర్ల చదరం. లిస్-3లో అది 23.5 మీటర్లు, లిస్-4లో 5.8. మన సెంట్లలోకి మార్చి చూశాను. ఏవిఫ్స్ చుక్క దాదాపు 77 సెంట్లు, లిస్-3ది పదమూడున్నర సెంట్లు, లిస్-4ది సెంటు కూడా లేదు. అంటే ఒక రైతు అరెకరం మిరప, పక్కనే పావెకరం పత్తి వేస్తే, మధ్యలో గట్టుతో సహా ఏవిఫ్స్‌కి అదంతా ఒకే చుక్కలో కలిసిపోవచ్చు. 1988లో వెళ్లిన మన ఐఆర్‌ఎస్-1ఎ ఉపగ్రహంలో లిస్-1 కెమెరా చుక్క 72.5 మీటర్లు, దాదాపు ఎకరం ముప్పై సెంట్లు. కన్ను సన్నబడుతూ వచ్చిందని చెబితే పిల్లలకు వెంటనే పట్టుబడుతుందని నా నమ్మకం. మీరేమంటారు?

తెనాలి నుంచి ఒక మాస్టారు:
మాట బాగుందమ్మా, పోలికలోనే చిక్కుంది. జల్లెడలో సన్నవి కిందికి జారిపోతాయి, పెద్దవి పైన ఆగుతాయి. కన్ను సన్నబడితే ఉపగ్రహానికి చిన్నవి కూడా చిక్కాలి. అది జల్లెడ పని కాదు, వల పని. వల కన్ను సన్నగా ఉంటే చిన్న చేప కూడా తప్పించుకోలేదు. కాబట్టి ‘వల కన్ను’ అని పాఠంలో ఒకసారి చెప్పి, తర్వాత ‘కన్ను’ అని వాడు.

విజయవాడ నుంచి ఒక సభ్యురాలు:
నాకు వేరే అనుమానం ఉంది అక్కా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మేము సింగ్‌నగర్‌లో మేడ మీద ఉండిపోయాం. పైనంతా మబ్బే. మామూలు కెమెరాలకు ఆ మబ్బు అడ్డం. అలాంటప్పుడు పనికొచ్చేది 2022లో పంపిన ఈఓఎస్-04 లాంటి రాడార్ ఉపగ్రహం. అది వెలుతురు కోసం చూడదు. తనే మైక్రోవేవ్ తరంగాలు పంపి, తిరిగొచ్చినవి పట్టుకుంటుంది. కుండ కొనేటప్పుడు తట్టి వింటామే, అలాంటిది. నిలిచిన నీరు నున్నగా ఉండి తరంగాలను అవతలికి జార్చేస్తుంది, అందుకే బొమ్మలో నల్లగా పడుతుంది. ఇళ్ల మధ్య అలా కుదరదు. నీటి మీద పడిన తరంగం గోడకు తగిలి వెనక్కి వచ్చేస్తుంది, నలుపు ఉండాల్సిన చోట తెలుపు వస్తుంది. మా వీధి లాంటి చోట్ల నీరు గుర్తుపట్టడం అందుకే కష్టం. ఇలాంటి పరికరానికి ‘కన్ను’ అంటే అది చూస్తుందని పిల్లలు పొరబడరా?

నా జవాబు:
మాస్టారూ, మీ సవరణ తీసుకున్నాను. జల్లెడ కొట్టేసి వల పెట్టాను.

చెల్లీ, ఆ రోజులు గుర్తుచేసుకుని మరీ రాశావు, చాలా సంతోషం. నీ ‘తట్టి చూడటం’ రాడార్ పాఠానికి కావాలి, తీసుకుంటాను. కన్ను విషయంలో మాత్రం ఒక మాట. తెలుగులో కన్ను అన్నవన్నీ చూసేవి కావు. చెరకు కన్ను చూడదు, అక్కడి నుంచి మొలక వస్తుంది. కొబ్బరికాయకు మూడు కళ్లు, అవీ చూడవు. వల కన్నూ అంతే, అది ఒక ఖాళీ కొలత. రాడార్ బొమ్మకూ చుక్కలుంటాయి, వాటికీ కొలత ఉంటుంది, కాబట్టి ఈ మాట దానికీ సరిపోతుంది. మాస్టారి సలహా ప్రకారం మొదట ‘వల కన్ను’ అంటే ఆ పొరపాటు రాదు.

వల వల్ల ఇంకో లాభం కూడా దొరికింది. ఏవిఫ్స్ ఒక్కసారికి 740 కిలోమీటర్ల వెడల్పు చూస్తుంది, అయిదు రోజులకోసారి అదే చోటికి వస్తుంది. లిస్-3 వెడల్పు 141 కిలోమీటర్లే, మళ్లీ రావడానికి 24 రోజులు. పెద్ద కన్ను వల వెడల్పుగా పడుతుంది, సన్న కన్నుది ఇరుకు. పైరు వారం వారం ఎలా మారుతోందో తెలియాలంటే మొదటిది కావాలి, ఎవరి చేను ఎంతవరకో తెలియాలంటే రెండోది చాలదు, లిస్-4 ఉండాలి. ఇంకా తేలనిది ఒకటే: ‘కన్ను 56 మీటర్లు’ అని రాస్తే వాక్యం ఎబ్బెట్టుగా ఉంది.

సీతానగరం నుంచి ఒక సభ్యుడు:
మాది కృష్ణలో వేట చేసే కుటుంబం అండి. మా నాన్న వలలో వేళ్లు దూర్చి చూసి “ఇది రెండు వేళ్ల కన్ను” అనేవారు. కొలత ముందు పెట్టండి, కన్ను తర్వాత.

నా జవాబు:
‘ఏవిఫ్స్‌ది 56 మీటర్ల కన్ను, లిస్-4ది 5.8 మీటర్ల కన్ను.’ ఇప్పుడు కుదిరింది తమ్ముడూ. ఇలాగే రాసేస్తున్నాను.