సెల్యులార్ జైలు వింగులు కూల్చి ఆసుపత్రి కట్టడం సరైన పనేనా?

తూర్పుకనుమ:
ఈమధ్యే అండమాన్ వెళ్లి సెల్యులార్ జైలు చూసొచ్చాను. బ్రిటిష్ వాళ్లు ఖైదీల కోసం 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. మధ్యలో టవర్, చుట్టూ ఏడు వింగులు, 693 గదులు. ఇప్పుడు మిగిలింది మూడు వింగులే. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ వాళ్ల చేతిలో దీవులున్న రోజుల్లో దెబ్బతిన్న వాటి లెక్క వేరు. స్వాతంత్ర్యం వచ్చాక మనమే కూల్చుకున్నవి ఉన్నాయి చూడండి, నా బాధంతా వాటి గురించే. ఆ ఆవరణలో 1963లో గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి పెట్టారు. అప్పటికి బతికున్న మాజీ ఖైదీలు గట్టిగా అభ్యంతరం చెప్పబట్టి ఈ మూడైనా దక్కాయి.

ఒక వింగ్ గదుల తలుపులు పక్క వింగ్ వీపుకి ఎదురుగా ఉంటాయి. అంటే ఒక ఖైదీకి ఇంకో ఖైదీ మొహం కనపడదు. తలుపు గడియ గోడలోపలికి దూరంగా వెళ్లి అక్కడ తాళం పడుతుంది, లోపల్నుంచి చెయ్యెంత చాపినా అందదు. మనిషిని ఒంటరిని చేయడానికే కట్టిన కట్టడం అది. ఏడూ ఉంటేనే ఆ క్రూరత్వం పూర్తిగా అర్థమవుతుంది.

దీవిబిడ్డ:
తూర్పుకనుమ గారూ, నేను ఇక్కడే పుట్టి పెరిగాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి పనికోసం వచ్చి స్థిరపడ్డాడు. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అయింది గానీ మా నోట్లో ఇంకా పోర్ట్‌బ్లెయిరే. వైజాగ్ నుంచి ఓడెక్కితే ఇక్కడికి రోజుల ప్రయాణం. నెప్పులొచ్చిన ఆడమనిషిని ఆ రోజుల్లో ఎక్కడికి తీసుకెళ్లాలో చెప్పండి? నేనూ నా పిల్లలూ ఆ ఆసుపత్రిలోనే పుట్టాం. ఖైదీల వారసుల్ని ఇక్కడ లోకల్ బోర్న్ అంటారు, వాళ్లకీ పెద్దాసుపత్రి అంటే అదే.

తూర్పుకనుమ:
ఆసుపత్రి వద్దని నేననలేదండీ. అక్కడే ఎందుకు అంటున్నాను. 1933లో ఆ జైల్లో ఖైదీలు నిరాహారదీక్ష చేస్తే ముక్కులో గొట్టం దూర్చి బలవంతంగా పాలు పోశారు. మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమోదాస్, మోహిత్ మైత్ర ప్రాణాలు కోల్పోయారు. 1937లో మళ్లీ దీక్షకు దిగితే తప్ప రాజకీయ ఖైదీలను వెనక్కి పంపలేదు. అలాంటి చోట గోడలు పడగొట్టడానికి మనసెలా ఒప్పిందో నాకు అర్థం కాదు.

కోఠీవాసి:
మీరిద్దరూ ఆ వింగుల దగ్గరే ఆగిపోయారు. జైలు కట్టడానికి చాలా ముందు, 1858 మార్చిలోనే బ్రిటిష్ అధికారి డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో అక్కడ దిగాడు. అప్పుడు అడవి, సముద్రం తప్ప వేరే జైలు గోడ లేదు. పారిపోయి దొరికిన 80 మందికి పైగా ఖైదీలను వాకర్ ఉరితీయించాడు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి హైదరాబాద్‌లో మా కోఠీ బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడిచేసిన మౌల్వీ అలావుద్దీన్‌ను కూడా అండమాన్‌కే పంపారు. ఆయన అక్కడే కన్నుమూశాడు. 1872లో వైస్రాయ్ మేయోను చంపిన ఖైదీ షేర్ అలీని ఉరితీసింది పోర్ట్‌బ్లెయిర్ దగ్గరి వైపర్ దీవిలో. టూరిస్టుల్లో ఎంతమంది అక్కడిదాకా పడవెక్కుతున్నారు? కూలిన వింగుల గురించి పోట్లాడే ఓపికలో సగం వీటి మీద పెట్టండి.

తూర్పుకనుమ:
మీరు నా వాదనకే బలమిచ్చారు. అలావుద్దీన్ ఉన్న గది అంటూ చూపించడానికి ఏమీ లేదు, అందుకే హైదరాబాద్‌లోనే ఆయన్ని చాలామంది ఎరగరు. కళ్లెదుట గోడ ఉంటే పిల్లలు అడుగుతారు, పెద్దవాళ్లు చెప్పాల్సి వస్తుంది.

దీవిబిడ్డ:
గోడ ఉన్నంత మాత్రాన అందరినీ తలుచుకుంటారా అండీ? టవర్‌లో చలవరాతి పలకలు మీరూ చూసే ఉంటారు. వాటి మీద ఉన్నవి రాజకీయ ఖైదీల పేర్లు. ఈ దీవులకు వచ్చిన ఖైదీల్లో ఎక్కువమంది మామూలు నేరాల మీద వచ్చినవాళ్లు. అడవి కొట్టింది, రోడ్లు వేసింది, మీరు చూసొచ్చిన ఆ జైలుకు ఇటుకలు మోసింది వాళ్లే. మా వీధిలో వాళ్ల మునిమనవలున్నారు. తాత ఏ ఊరి నుంచి వచ్చాడో కూడా కొందరికి తెలియదు. కూల్చిన వింగుల్ని మళ్లీ కట్టలేం. పాత రికార్డుల్లో దొరికిన పేర్లన్నీ ఒకచోట పెట్టి, ఇక్కడి కుటుంబాలు వచ్చి వెతుక్కునేలా చేయమని అడగండి. ఆ అర్జీ మీద మొదటి సంతకం నాది.