నర్సుల్లో అంకితభావం తగ్గిందా? శ్రీకాకుళం వాళ్లు చెప్పండి

కవిటి కుర్రోడు:
మే 12 నర్సుల దినోత్సవం వస్తే చాలు అందరూ దీపం పట్టుకున్న నైటింగేల్ బొమ్మ స్టేటస్ పెట్టేస్తారు. నేను చూసింది చెప్తాను. పోయిన నెల మా నాన్నని శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో చేర్చాం, పేరు వద్దు. రాత్రి రెండింటికి సెలైన్ అయిపోయి ట్యూబులోకి రక్తం ఎక్కుతోంది. అమ్మ పరిగెత్తుకెళ్లి పిలిస్తే సిస్టర్ ఫోన్ పట్టుకుని, తలెత్తకుండా "వస్తానమ్మా" అంది. వచ్చింది అరగంటకి. ఈలోగా సూది మూసుకుపోయి, అప్పటికే వాచి ఉన్న రెండో చేతికి మళ్లీ గుచ్చారు. దీన్ని డ్యూటీ అంటారా?

రాజాం రాజు:
ఫోన్లు గేటు దగ్గరే లాక్కోవాలి.

వంశధార:
బాబోయ్, గాలి లోపలికి పోయుంటే ప్రాణమే పోయేది కదా!

నైట్ డ్యూటీ అక్క:
జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి 19 ఏళ్లయింది, విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ చేశాను. ముందు ఆ గాలి భయం. స్టాండుకి వేలాడే మామూలు బాటిల్ ఖాళీ అయితే గాలి కొంత దూరం దిగి ఆగిపోతుంది, రక్తం వెనక్కి ఎక్కి కాన్యులా, అంటే నరంలో ఉంచే సన్న గొట్టం, మూసుకుపోతుంది. అది మంచిదని అనను, మళ్లీ గుచ్చించుకునే బాధ రోగిదే. కానీ ఆ రాత్రి వార్డులో ఎంతమంది రోగులు, ఎందరు నర్సులు? టీచింగ్ ఆసుపత్రిలో, అంటే మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో, ముగ్గురు రోగులకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. మాకు రాత్రిపూట 34 మందికి ఇద్దరం. ఒకరు ఫిట్స్ వచ్చినవాళ్ల దగ్గర ఇరుక్కుంటే మిగిలిన 33 మందికీ ఒక్కరే.

కవిటి కుర్రోడు:
లెక్కలు నేనడగలేదు సిస్టర్ గారూ. ఫోన్ గురించి అడిగాను. రీల్స్ చూడ్డానికి తీరికుంటుంది గానీ బాటిల్ మార్చడానికి ఉండదా?

పార్వతీపురం పిల్ల:
మా చెల్లి ప్రైవేటులో చేస్తోంది, జీతం 12 వేలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలోనే. 2016లో సుప్రీంకోర్టు చెప్తే కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో అయినా 20 వేలకి తగ్గకూడదంది. ఎక్కడిస్తున్నారు? అంకితభావం అంటే అర జీతానికి నవ్వుతూ చెయ్యడమా?

కవిటి కుర్రోడు:
మళ్లీ జీతం! ఫోన్ పట్టుకుందా లేదా?

నైట్ డ్యూటీ అక్క:
పట్టుకునే ఉంటుంది తమ్ముడూ. రాత్రి డ్యూటీ డాక్టర్‌ని లేపాలన్నా, షుగర్ రీడింగ్ పంపాలన్నా మా సొంత ఫోనే, రీఛార్జీ కూడా మాదే. ఇంతకీ రీల్స్ అని నువ్వు చూశావా? ఆ రాత్రి నువ్వెక్కడున్నావు?

కవిటి కుర్రోడు:
అంటే తప్పు నాదా? నోరుందని ఏదైనా అనేయడమేనా! నేను చెన్నైలో ఉన్నాను, సెంట్రింగ్ పని. మేస్త్రీ వదలక, టికెట్ దొరక్క వచ్చేసరికి మూడో రోజు. అమ్మకి చదువు రాదు, బాటిల్ ఎంతవరకు దిగితే పిలవాలో కూడా ఎవరూ చెప్పలేదు. రాత్రంతా దాన్నే చూస్తూ కూర్చుందట. ఆవిడ కూడా షుగర్ పేషెంటే, రెండు రాత్రులు నిద్ర లేదు.

నైట్ డ్యూటీ అక్క:
కోపం తెప్పించాలని అనలేదు. అసలు గొడవ ఇక్కడే ఉంది. బాటిల్ చూడ్డం, తుడవడం, తిప్పి పడుకోబెట్టడం, స్ట్రెచర్ తొయ్యడం, ఇవన్నీ మీ అమ్మలాంటి వాళ్లు చేస్తారనే ధీమాతోనే ఆసుపత్రులు ఇద్దరు నర్సులతో సరిపెడుతున్నాయి. "పేషెంట్ తాలూకు ఎవరు?" అని వార్డులో అరిచేది నేనే, నాకూ సిగ్గుగానే ఉంటుంది. మీ అమ్మ నిద్రపోవాల్సింది, ఆ కాపలా మాది. అయితే 34 మందికీ కొడుకులా కాపలా కాయమంటే మాత్రం ఇద్దరి వల్ల కాదు. ఇంత గీతకి రాగానే పిలవమ్మా అని చూపించడానికి నిమిషం చాలు, అది చెయ్యకపోవడం మాత్రం తప్పే.

వంశధార:
ఆ గీత ఏదో మాకూ చెప్పండి మేడం.

నైట్ డ్యూటీ అక్క:
బాటిల్లో రెండు వేళ్ల ఎత్తు మిగిలుండగానే పిలవండి. కింద చుక్కలు పడే చిన్న గొట్టం, డ్రిప్ చాంబర్ అంటాం, అది ఖాళీ అయ్యేదాకా ఆగొద్దు.

కవిటి కుర్రోడు:
అమ్మకి ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. ఆ సిస్టర్ ఫోన్ చెవికి పెట్టుకుని "సార్ సార్" అని మాట్లాడుతోందట, పక్క వరసలో ఎవరికో బాగోలేదట. రీల్స్ అని నేనే అనుకున్నాను. అయినా అరగంట అరగంటే.

రాజాం రాజు:
అందుకే ఫోన్లు గేటు దగ్గరే లాక్కోమని మొదట్లోనే చెప్పాను.