రొమ్ము క్యాన్సర్ స్టేజ్ జీరో అంటూనే హై గ్రేడ్ అని రాశారు. ఎలా అర్థం చేసుకోవాలి?

సిరిమల్లె:
మా అక్కకి చేత్తో తడిమితే గడ్డేమీ తెలియలేదు. మామోగ్రామ్‌లో సన్నటి తెల్ల చుక్కలు గుంపుగా ఉన్నాయని సూదితో బయాప్సీ చేశారు. రిపోర్టులో డక్టల్ కార్సినోమా ఇన్ సిటు (పాలనాళం లోపలే ఉన్న క్యాన్సర్), హై గ్రేడ్, కొమెడో నెక్రోసిస్ అని రాశారు. ఇన్వేజన్, అంటే నాళం దాటి బయటికి పాకడం, కనిపించలేదట. నెక్రోసిస్ అంటే కణాలు చచ్చిపోవడం కదా, అంటే జబ్బు ముదిరినట్టేనా? అక్క నన్నే అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియక చాలా టెన్షన్‌గా ఉంది.

గాజుపలక:
సిరిమల్లె గారూ, నేను పాథాలజిస్ట్‌ని, అంటే బయాప్సీ ముక్కల్ని మైక్రోస్కోప్ కింద చూసే డాక్టర్ని. మీ అక్కగారి స్లైడ్ చూడలేదు కాబట్టి రిపోర్టులోని మాటల వరకే చెబుతాను.

స్టేజ్ అంటే జబ్బు ఎక్కడిదాకా వెళ్లిందని. గ్రేడ్ అంటే కణాల రూపం ఎంత చెడిందని. పాలనాళం లోపలి వైపు ఒక వరస కణాలు, వాటి వెనక మయోఎపిథీలియల్ కణాలు, ఆ వెనక బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పల్చటి పొర ఉంటాయి. మీ అక్కగారికి వచ్చినదానిలో లోపలి కణాలు పెరిగి నాళాన్ని నింపేస్తాయి కానీ ఆ పొర దాటవు. రక్తనాళాలు, లింఫు నాళాలు ఉన్నది పొరకి అవతల. అందుకే జీరో.

లో గ్రేడ్‌లో కణాలన్నీ ఒకే తీరుగా ఉంటాయి, చాలాసార్లు మధ్యలో జల్లెడలా గుండ్రటి కన్నాలు కనిపిస్తాయి. హై గ్రేడ్‌లో కేంద్రకాలు పెద్దవై, ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి. నాళం లోపల రక్తనాళాలు లేవు, ఆక్సిజన్ బయటినుంచే అందాలి. కణాలు కిక్కిరిసిపోతే నడిమధ్యలో ఉన్నవాటికి అది చాలక చచ్చిపోతాయి. అక్కడే కాల్షియం పేరుకుంటుంది. మామోగ్రామ్‌లో పడిన తెల్ల చుక్కలు చాలావరకు అవే. కాబట్టి నెక్రోసిస్ ఉన్నంత మాత్రాన జబ్బు బయటికి పాకినట్టు కాదు. అయితే ఇది వేగంగా పెరిగే రకం, వదిలేస్తే పొర దాటే అవకాశం ఎక్కువ. వైద్యం మాత్రం వాయిదా వేయకండి, దయచేసి.

సిరిమల్లె:
చాలా థాంక్స్ డాక్టర్ గారూ. మరి పొర దాటలేదని అంత గట్టిగా ఎలా చెప్పగలరు?

గాజుపలక:
అనుమానం ఉంటే మయోఎపిథీలియల్ కణాలకి రంగు పట్టించే పీ63 లాంటి పరీక్షలు చేస్తాం. నాళం చుట్టూ ఆ కణాల వరస కనిపిస్తే జబ్బు లోపలే ఉందని ధైర్యం వస్తుంది. కానీ ఒక మాట దాచకుండా చెప్పాలి. సూదికి వచ్చేది సన్నటి ముక్కలే. ఆపరేషన్‌లో తీసిన భాగమంతా పరీక్షించాక కొందరిలో ఎక్కడో ఒకచోట ఇన్వేజన్ బయటపడుతుంది. ఆ రిపోర్టు వచ్చేదాకా అక్కగారికి పూర్తి భరోసా ఇవ్వకండి, అలాగని భయపెట్టనూ వద్దు.

వేణి:
నాకూ ఇదే వచ్చింది సిరిమల్లె గారూ. "జీరోనే కదా, దానికింత ఏడుపెందుకు" అని చుట్టాలు అన్నప్పుడు బాధేసింది, మీరైనా అక్కని ఆ మాట అననివ్వకండి. నాకు ఆపరేషన్ తర్వాత తీసిన ముక్క ఒక అంచు దగ్గర జబ్బు లేని 2 మిల్లీమీటర్ల ఖాళీ రాలేదని మళ్లీ కొంచెం తీశారు, ఆ తర్వాత రేడియేషన్ ఇచ్చారు. ఈఆర్ పరీక్ష (కణాల మీద ఈస్ట్రోజన్ హార్మోన్ ప్రభావం ఉందో లేదో చూసేది) చేశారో లేదో అడగండి, హార్మోన్ మాత్రలు ఇవ్వాలా అన్నది దాన్నిబట్టే చూస్తారు.

సిరిమల్లె:
రొమ్ము మొత్తం తీసేయాల్సి వస్తుందా?

గాజుపలక:
అది గ్రేడ్ ఒక్కదాన్నిబట్టి తేలదు. చుక్కలు ఎంత మేర పరుచుకున్నాయి, శుభ్రమైన అంచుతో తీయడానికి వీలవుతుందా అన్నవి ముఖ్యం. ఒకవేళ మొత్తం తీయాల్సి వస్తే, చంకలోని సెంటినెల్ గ్రంథి (జబ్బు పాకితే మొదట చేరే లింఫు గ్రంథి) పరీక్ష అదే ఆపరేషన్‌లో చేస్తారా అని సర్జన్‌ని ముందే అడగండి. రొమ్ము తీసేశాక ఆ గ్రంథిని సరిగ్గా గుర్తించడం కష్టం.