అప్‌డేట్: నెల్లూరు వృద్ధాశ్రమంలో రోబో ట్రయల్ అయిపోయింది

మా అమ్మమ్మ ఉండే నెల్లూరు వృద్ధాశ్రమంలో భోజనం ట్రేలు మోసే రోబో కొనాలనుకుంటున్నారని, ఏం చూసి తేల్చుకోవాలని పోయిన నెల అడిగాను. డెమో కాదు, మామూలు రోజులు చూడమన్నారు మీరు. పది రోజులు చూశాం.

గడపల దగ్గరే అసలు సమస్య. అంగుళం ఎత్తున్నా ఆగిపోతోంది, లేదంటే ఆ కుదుపుకి చేపల పులుసు ట్రేలో ఒలికిపోతోంది. దారి కనిపెట్టడానికి రోబో వదిలే లేజర్ కాంతి (లైడార్) గాజులోంచి దూసుకుపోతుంది కాబట్టి అద్దాల తలుపును ఖాళీ దారి అనుకుంది. అది చూసే ఎత్తులో స్టిక్కర్లు అంటించాక కుదిరింది. వాకర్‌తో నడిచేవాళ్లకి ఎదురొస్తే ఎటు జరగాలో తెలియక టెన్షన్. ఒక తాతయ్య గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయారు. అది చూశాక నాకు మనసొప్పలేదు.

అమ్మమ్మ ఒకటే మాట అంది: "బువ్వ అది తెస్తే, తిన్నావా అని అడిగేదెవురు?" నిజమే, ఎవరు తినలేదో, ఎవరి కాళ్లు వాచాయో ఆయా కనిపెట్టేది ట్రే పెట్టేటప్పుడే.

అందుకే భోజనానికి వద్దని, ఉతికిన దుప్పట్లు మోయడానికి మాత్రం అద్దెకు తీసుకోమని చెప్పాం. కమిటీ ఒప్పుకుంది. జపాన్‌లో తయారైన సీల్ పిల్ల రోబో పారో గురించి చెప్పినవారికి థాంక్స్. 2009లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ దాన్ని వైద్య పరికరంగా గుర్తించిందట. కానీ అది నిమిరితే స్పందించి ఊరటనిచ్చేది, మోత పనికి కాదు. దాని గురించి విడిగా అడుగుతాను.