మార్కు 7లోని సురోఫెనికయ స్త్రీ: అది విశ్వాస పరీక్షేనా?

అందరికీ వందనాలు. విశాఖలో, గాజువాక వైపు, మా సంఘం యూత్ బైబిల్ స్టడీ ఆదివారం సాయంత్రాలు నేను నడుపుతాను. మార్కు 7:24-30 దగ్గర ఆగిపోయాం.

దయ్యం పట్టిన కూతురిని బాగుచేయమని కాళ్ల మీద పడిన అన్యురాలితో (యూదురాలు కాని ఈ సురోఫెనికయ స్త్రీతో) పిల్లల రొట్టె తీసి కుక్కపిల్లలకు వేయడం తగదని యేసు ఎందుకన్నారు? ఆమె విశ్వాసాన్ని పరీక్షించడానికి అని చెప్పాను. పాస్టర్ గారూ అదే అన్నారు. డిగ్రీ చదివే ఒకమ్మాయి ఒప్పుకోలేదు. బల్ల కింద కుక్కపిల్లలు కూడా పిల్లలు పడేసే ముక్కలు తింటాయి కదా అన్న ఆ స్త్రీ జవాబు విని ప్రభువే మనసు మార్చుకున్నారంటుంది. పెద్దవాళ్లకు అది మింగుడుపడటం లేదు. నాకైతే కొట్టిపారేయబుద్ధి కావడం లేదు.

మత్తయి 15:21-28తో పోల్చి చూస్తే చిక్కు ఇంకా పెరిగింది. ఆమె విశ్వాసం గొప్పదన్న మెప్పు మత్తయిలోనే ఉంది. ఆయన మొదట మౌనంగా ఉండటం, ఇశ్రాయేలు వాళ్ల కోసమే పంపబడ్డానని చెప్పడం కూడా అక్కడివే. మార్కులో విశ్వాసం ఊసే లేదు. ఈ మాట చెప్పినందుకు వెళ్లు, దయ్యం నీ కూతురిని వదిలిపోయింది అంటారు, అంతే. దొరికిన వ్యాఖ్యానాలు తిరగేశాను, అన్నీ మత్తయిని తెచ్చి మార్కుకు అతికించినవే.

మత్తయి జోలికి వెళ్లకుండా, మార్కు సువార్తలోని ఏ వచనం ఆధారంగా దీన్ని పరీక్ష అని చెప్పగలం?